బండ్లబాటకు అడ్డం

రోహిణి కార్తెలో ముసురు పట్టింది. ఎక్కడో సముద్రంలో వాయుగుండమట, ఆంధ్రా నుంచి రావలసిన చేపల బండి రాలేదు. తెల్లవారుతూనే పటాన్‌చెరు మార్కెట్ నుంచి సేటు ఫోన్ చేసి, "ఇయ్యాల మాల్ లేదు సునందా, ఇంట్లనే ఉండు" అన్నాడు.

ఇంట్లో ఉండడం సునందకు చేతకాదు. చేపలమ్మే రోజుల్లో తెమలని పనులన్నీ ఫోన్ పెట్టేయగానే వరసగా గుర్తుకొచ్చాయి. అత్త పోశమ్మ కాలికి కట్టు మార్పించాలి. జొన్నలు పట్టించాలి. కుక్కర్ రబ్బరు సాగిపోయి అన్నం వండినప్పుడల్లా గంజి పొయ్యి మీదికి కారుతోంది, కొత్తది తేవాలి. వాన తగ్గాక పోదామనుకుంటే ఆ వాన తగ్గేలా లేదు.

పోశమ్మకు షుగరు. అరికాలి పుండు చలికాలంలో మొదలైంది, ఇప్పుడిప్పుడే అంచులు దగ్గరపడుతున్నాయి. సునంద ఆమె కాలికి చీరల దుకాణం కవరొకటి తొడిగి, చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు వేసింది.

"బిర్రుగ అయ్యిందా అత్తా?"

"అయితే కానీ. లోపటికి నీళ్లు పోకుంటే సాలు."

ఊరి నుంచి పెద్దరోడ్డుకు ఒకటే బండ్లబాట. దాని రెండు పక్కలా ఒకప్పుడు మక్కచేన్లు ఉండేవి, ఇప్పుడు విల్లాలు. బాట మీద సిమెంటు పోశారు. పెద్దరోడ్డు వైపు కమాను కట్టారు, ఊరి వైపు పట్టా మీద జరిగే ఇనుప గేటు పెట్టారు. దాన్ని అందరూ వెనక గేటు అంటారు. పెట్టిననాటి నుంచి అది తెరిచే ఉండేది. ఊరివాళ్లు అందులోంచే వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఈ నెల నుంచి ఆ గేటు దగ్గర డ్యూటీ సునంద భర్త నర్సింగ్‌ది.

అత్తాకోడళ్లు ఒకే గొడుగు కింద మెల్లగా గేటు దాటుతుంటే నర్సింగ్ గేటు పక్క కాపలా గదిలోంచి తల బయట పెట్టాడు. మోకాళ్ల దాకా జారే నీలం వానకోటు, అతనికంటే పొడుగాటి మనిషి కోసం కుట్టినది.

"మెల్లగ పోండ్రి. సిమెంటు మీద పాకరుంది."

"బువ్వడబ్బా ఇంట్లనే మరిసినవ్," అంది పోశమ్మ.

"అయ్యో," అన్నాడు నర్సింగ్. అంతే.

పటాన్‌చెరు దవాఖానలో వరస గది దాటి వరండాలోకి వచ్చింది. తడి బట్టల వాసన, ఫినాయిలు వాసన కలిసిపోయాయి. పోశమ్మను ఒక మూల బల్ల మీద కూర్చోబెట్టి సునంద వరసలో నిలబడింది. కట్టు కట్టే నర్సు శ్రీదివ్య చిన్న పిల్లే గానీ చేయి నెమ్మది. పాత గుడ్డను నీళ్లతో నానబెట్టి, చర్మం లాగకుండా తీసింది. పుండును దూది చుట్టిన పుల్లతో అంచు వెంట తుడిచి, "మంచిగనే మానుతుందమ్మా" అంది. పోశమ్మ ముఖం విప్పారింది. "కాని ఒక్కటే. తడవనీయొద్దు. తడిసిందంటే ఇన్నాళ్ల కష్టం మల్ల మొదటికొస్తది. ఇని ఊకుండకు."

"ఊకుండ బిడ్డా. మంచిగయ్యేది ఎవ్వలకొద్దు?"

గిర్ని దగ్గర కరెంటు పోయింది. వచ్చేదాకా డబ్బా పక్కనే గొంతుక్కూర్చున్నారు. కరెంటు వచ్చి, గిర్నిలోంచి వెచ్చగా పిండి దిగి, డబ్బా సునంద ఒళ్లోకి చేరేసరికి చలికి ఆ వెచ్చదనం హాయిగా అనిపించింది. కుక్కర్ రబ్బరు దొరికింది. మందుల దుకాణంలో ఒక గోలీ లేదన్నారు, ఉన్నవి తీసుకుంది. మధ్యాహ్నం దాటాక ఆటో ఎక్కారు. కమాను కింది నుంచి విల్లాల మధ్యగా వచ్చి వెనక గేటు దగ్గర దింపి, ఆటోవాడు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

గేటు మూసి ఉంది. తాళం కూడా వేసి ఉంది. కడ్డీల సందుల్లోంచి అవతల సునందవాళ్ల ఇల్లు కనిపిస్తోంది, కప్పు మీద నీలం టార్పాలిన్, దాని మీద బరువుకు పెట్టిన పాత టైరు.

"తియ్యవయ్యా, అత్త తడుస్తుంది," అంది సునంద.

నర్సింగ్ గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. చేతిలో తాళంచెవి ఉంది.

"ఇందాక మీటింగయ్యింది," అన్నాడు. "రెండు బండ్లు దొంగలెత్కపోయిన్రు గద, ఇగ ఊరోళ్లు ఎవ్వలు ఇటునుంచి పోవద్దంట. గిప్పటి నుంచే."

"మేము ఊరోళ్లమా?"

"మరెవ్వలు?" అన్నాడు నర్సింగ్. ఎత్తిపొడుపు లేదు అందులో. నిజంగానే తెలియక అడిగినట్టుంది.

తాళంచెవి ఇంకో చేతిలోకి మార్చుకుని ఫోన్ తీశాడు. విల్లాల సంఘానికి సెక్రటరీ సునీల్‌కుమార్. ఆ ఊరి మనిషే. చేన్లు అమ్మించింది అతనే, విల్లాల్లో ఒకటి కొనుక్కున్నదీ అతనే. వాన చప్పుడులో కూడా అతని గొంతు ఫోన్లోంచి సునందకు వినిపిస్తూనే ఉంది.

"సార్, మా అవ్వ వచ్చింది సార్. కాలికి కట్టుంది."

"నర్సింగన్నా, పోశమ్మవ్వ నాకు తెల్వదా? మీ ఇంట్ల తిని పెరిగినోన్నే గద. కాని ఇయ్యాల అవ్వకు తీస్తే రేపు ఎవ్వలకు తియ్యనంటవ్? కెమెరాల సూస్తరు, గ్రూపుల పెడ్తరు. నువ్వు ఊరోనివని వద్దన్నరు అందరు. నేనే జిమ్మా తీస్కొని పెట్టిచ్చిన. నా ఇజ్జత్ తియ్యకు."

నర్సింగ్ ఫోన్ జేబులో పెట్టుకుని, స్తంభం మీది కెమెరా వైపు చూశాడు. తర్వాత తల్లి కాళ్ల వైపు. ముఖం వైపు చూడలేదు.

పోశమ్మే అతన్ని చూసింది. "నీ డ్యూటి నువ్వు చెయ్ బిడ్డా," అంది. కోడలి చెయ్యి పట్టుకుని వచ్చిన దారినే తిరిగింది.

మళ్లీ కమాను దాకా. కమాను నుంచి రోడ్డు వెంట. అక్కడి నుంచి చెరువు కట్ట. ఇంద్రేశం వైపు నుంచి బండ్లు వచ్చే దారి ఒకటి ఉండేది గానీ పైపుల కోసం తవ్వి వదిలేశారు. కట్ట మీద నల్లరేగడి. అడుగు పెడితే చెప్పును మట్టి పట్టి లాగుతుంది, తీస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది. ఇద్దరూ చెప్పులు విప్పేశారు. కంపెనీల నీళ్లు కలిసి చెరువు అంచు వెంట తెల్లటి నురగ తేలుతోంది, గాలికి ఆ నురగ ముద్దలు ముద్దలుగా కట్ట మీదికి ఎగిరి వస్తోంది. తల మీద పిండిడబ్బా, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో అత్త. గొడుగు డబ్బాకు పట్టాలా అత్తకు పట్టాలా తేల్చుకోలేక సునంద కాసేపు అటూ కాసేపు ఇటూ పట్టింది.

తూము దగ్గర కట్ట మీది నుంచి ఊళ్లోకి దిగాలి. నిటారుగా ఉంటుంది. ఎండినప్పుడు కూడా మేకలు తప్ప ఎవరూ దిగరు. పోశమ్మ కింది దాకా చూసింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని నేల మీద కూర్చుంది. రెండు చేతులూ బురదలో ఊని, చిన్నపిల్లలా జరుక్కుంటూ జరుక్కుంటూ దిగడం మొదలుపెట్టింది. సగం దూరంలో చేతులు పట్టు తప్పాయి. జారిపోయి తూము కాలువ అంచున ఆగింది. కాలి కవరు ఎక్కడో బురదలో ఉండిపోయింది. తెల్లటి కట్టు మడమ దాకా నల్లబడింది.

సునంద డబ్బా కింద పెట్టి పరుగున దిగింది. పోశమ్మ నవ్వుతోంది. ఏడవడం ఇష్టం లేని మనిషి నవ్వే నవ్వు అది.

"కవరు దొరికిందా?" అని అడిగింది.

సాయంత్రం నర్సింగ్ ఇంటికి వచ్చేసరికి సునంద కట్టు విప్పి, కాచిన నీళ్లతో కాలు కడుగుతోంది. నర్సింగ్ వానకోటు కూడా విప్పకుండా పక్కన కూర్చుని చెంబు అందుకున్నాడు. అతను నీళ్లు పోస్తుంటే సునంద తుడిచింది. పుండు అంచులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. పొయ్యి మీద కొత్త రబ్బరు వేసిన కుక్కర్ మూడు కూతలు బాగా కూసింది.

బాగా చీకటి పడకముందే పక్కింటి అరుణ వచ్చి గడపలో నిలబడింది. ఆమె మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. కంపెనీ బస్సు కమాను దగ్గర ఎక్కాలి.

"అన్నా, రేపు నాకు పొద్దుగాల షిప్టు. కట్ట మీదికెల్లి పోతే బస్సు దొర్కది. జెర సూసి సూడనట్టు ఇడ్వరాదు?"

"కెమెరా సూస్తది గద అరుణా."

"కెమెరా మన ఊరిదా అన్నా?"

నర్సింగ్ లేచి వానకోటు విప్పి మేకుకు తగిలించాడు. ఆమె వెళ్లిపోయాక, ఎవరో అడిగినట్టు, "నేనున్న కంపెనీ మూసి ఎన్నాళ్లయింది? ఎన్ని గేట్లకాడ తిరిగిన? యాభై ఏండ్లోనికి పని ఎవడిస్తడు?" అన్నాడు. పోశమ్మ కంచంలో అన్నం పెట్టి అతని ముందుకు జరిపింది. సునంద ఆ మాటకు తోడుగా ఏదన్నా అనాలనుకుంది, తిట్టాలని కూడా అనుకుంది. దేనికీ ఓపిక లేకపోయింది. తడి చీర దండెం మీద వేసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా వాన విడవలేదు. ఊరంతా కట్ట మీదుగానే తిరిగింది. పాలక్యాన్లు, బడిసంచులు, గ్యాసుబండలు, అన్నీ కట్ట ఎక్కి కట్ట దిగాయి. తూము దగ్గర బాలప్ప జారిపడ్డాడు. ఎనభైకి దగ్గరున్న మనిషి, మణికట్టు విరిగింది. బోరింగు దగ్గరికి సునంద పోతే ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. బిందె నింపుకుని నెత్తికెత్తుకుంది. వస్తుంటే వెనక నుంచి ఎవరో, "గేటు దొరసాని" అన్నారు. ఎవరి గొంతో గుర్తుపట్టింది గానీ తిరిగి చూడలేదు.

ఆ రోజే సునీల్‌కుమార్ వాళ్లింటికి వచ్చాడు. కారు గేటు అవతలే ఆపి, ప్యాంటు మడిచి, బురదలో చూసి చూసి అడుగులేస్తూ వచ్చాడు. అరుగు మీద కూర్చుని పోశమ్మ కాలు చూసి నిజంగానే బాధపడ్డాడు.

"నాకు నిద్ర పట్టలేదవ్వా," అన్నాడు. జేబులోంచి మెడలో వేసుకునే కార్డులు రెండు తీశాడు. "ఒకటి నీకు, ఒకటి సునందక్కకు. కమిటీతోటి కొట్లాడి తెచ్చిన. స్టాఫు ఇంటోళ్లని రాపిచ్చిన. ఇగ మీకు పరేషాన్ లేదు. ఎవ్వలకు చెప్పకుండ్రి."

పోశమ్మ కార్డును తిప్పి తిప్పి చూసింది. దాని మీద ఆమె పేరు, కింద 'విజిటర్' అని ఉంది. చూరు కింద నిలబడ్డ అరుణ బిడ్డ చదివి చెప్పేదాకా ఆ మాటకు అర్థం ఆమెకు తెలియలేదు.

"సుట్టమన్నట్టా?"

"గసుంటిదే అవ్వా."

"నేను ఈడికి సుట్టపుసూపుకు రాలేదు బిడ్డా," అంది పోశమ్మ మెత్తగా. కార్డు అతని పక్కన అరుగు మీద పెట్టింది. "చాయ తాగి పో."

సునీల్‌కుమార్ చాయ తాగాడు. పోతూ పోతూ సునంద వైపు చూశాడు. సునంద తన కార్డు వెనక్కి ఇవ్వలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ ఆ తూము దిగడం తనవల్ల కాదు. అత్త ఏమన్నా అంటుందేమోనని చూసింది. పోశమ్మ ఏమీ అనలేదు. దాంతో ఇంకా బరువుగా అయింది.

తెల్లవారి చేపల బండి వచ్చింది. చీకట్లో గేటు తియ్యరు కనుక సునంద కట్ట దాటే మార్కెట్‌కు పోయింది. రవ్వలు, బొచ్చెలు తీసుకుంది. ఐసుపెట్టెల్లో రెండు వంజరాలు కూడా వచ్చాయి, కళ్లు ఇంకా మెరుస్తున్నాయి. అందులో ఒకటి దుర్గాదేవిగారి కోసం పక్కన పెట్టించింది. ఆమెది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. భర్త సర్కారు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. వాళ్ల విల్లా వెనక గేటుకు ఆనుకునే ఉంటుంది.

షేరింగు ఆటో దిగి, కమాను కింది నుంచి గంపతో నడిచి గేటు దగ్గరికి వచ్చేసరికి అవతల పదిమంది దాకా నిలబడి ఉన్నారు. అరుణ, ఆమె వెంట కంపెనీకి పోయే మరో ముగ్గురు, పాలక్యానుతో ఒకడు, మెడకు గుడ్డకట్టి చెయ్యి వేలాడదీసుకున్న బాలప్ప. చేతికి పట్టీ వేయించుకోవడానికి దవాఖానకు పోవాలి అతను. రాత్రి వానకు నానిన కట్ట, సునంద దాటి పోయాక, తూము దగ్గర బారెడు మేర విరిగిపడిందట. నర్సింగ్ వాళ్లకు వీపు పెట్టి, కడ్డీలకు ఇవతల నిలబడి ఉన్నాడు.

సునంద మెడలో కార్డు చూసి అతను తాళం తీశాడు. చక్రాల కింద ఇసుక కరకరమంటుంటే మనిషి పట్టేంత సందు తెరిచాడు.

"జల్దీ రా," అన్నాడు గొంతు తగ్గించి.

సునంద సందులోకి వచ్చింది. అవతల అరుణ చూపు ఆమె మెడలోని కార్డు మీద పడి, అక్కడి నుంచి పక్కకు పోయింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది కూడా. ఆ జరగడమే సునంద మెడలు వంచింది. రెండు రోజులుగా కాళ్లు, నడుము, మెడ ఒక్కటిగా గుంజుతున్నాయి. ఇక ఒక్క అడుగు కూడా వేయలేననిపించింది. నిజానికి అంతకుమించి ఆమె ఏమీ ఆలోచించలేదు. గంప దించింది. గేటు జరిగే పట్టా మీద గోనె పరిచి దాని మీద కూర్చుంది. కత్తిపీట తీసి కాలికింద నొక్కిపెట్టి, వంజరాన్ని తోక దగ్గర పట్టుకుంది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు నర్సింగ్.

"చాప కోస్తున్న."

"ఈడనా?"

"దుర్గాదేవమ్మకు. ఆమె ఇల్లు ఈడనే ఉంది గద."

నర్సింగ్ చెయ్యి గేటు మీదే ఉంది. మూయాలంటే భార్య మీదికి జరపాలి. సునంద మొప్పలు కోసి తీసింది, పొట్ట చీల్చింది. కత్తి మీది నుంచి చూపు తిప్పకుండానే, "అరుణా, బస్సు పోతది గదనే, నిలబడ్డవేంది?" అంది.

అరుణ ఒక క్షణం తటపటాయించింది. తర్వాత సునంద భుజం మీద చెయ్యి వేసి, గంప దాటి, ఇవతలికి వచ్చి పరుగందుకుంది. ఆమె వెనక మిగిలినవాళ్లు. పాలక్యాను గేటుకు తగిలి ఠంగుమంది. బాలప్ప దాటేటప్పుడు నర్సింగ్ తనకు తెలియకుండానే అతని మంచి చేతిని పట్టుకుని దాటించాడు.

దుర్గాదేవి గొడుగు వేసుకుని, స్టీలు గిన్నెతో బయటికి వచ్చింది. గేటు మధ్యలో సునందను, దాటుతున్నవాళ్లను, నర్సింగ్‌ను చూసింది. చూసి, గొడుగు సునంద మీదికి వంచి నిలబడింది.

"ముక్కలు చిన్నవిగా కొయ్యమ్మా. నాకేం తొందర లేదు," అంది. "మా ఊళ్ళో రేవుకెళ్లే దారి మా పెరట్లోంచే. తెల్లారకుండానే బుట్టలతో ఎందరు పోయేవారో. మా కుక్క కూడా మొరగడం మానేసింది."

నర్సింగ్ ఫోన్ మోగింది. మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తాడు.

"గేటెందుకు తీసి ఉంది నర్సింగన్నా? గ్రూపుల ఫొటోలొస్తున్నయ్."

"మూస్తందుకు రాదు సార్. నా భార్య కూసుంది."

"లేపు మరి!"

నర్సింగ్ సునంద వైపు చూశాడు. ఆమె జుట్టులోంచి నీళ్లు కారి చెంపల మీదుగా చేప మీద పడుతున్నాయి. ఊరి వైపు నుంచి ఇంకో ఇద్దరు గబగబా వస్తున్నారు.

"లేప సార్," అన్నాడు.

"అన్నా, ఏమంటున్నవో తెలుస్తుందా?"

"తెలుస్తుంది సునీలూ," అన్నాడు నర్సింగ్. ఫోన్ పెట్టేసి గేటును చివరిదాకా లాగాడు. తడి ఇనుము పట్టుకున్న చేతులు తుడుచుకునే చోటు లేక వానకోటుకే తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం దాకా గేటు తెరిచే ఉంది.

మర్నాడు కాపలా గదిలో ఒడిశా నుంచి వచ్చిన కొత్త మనిషి ఉన్నాడు. నీలం వానకోటు అతనికి సరిగ్గా సరిపోయింది. తెలుగు రాదు. ఎవరు ఏమడిగినా, "కార్డ్ దిఖావో" అంటాడు, కార్డు చూపించమని. అది మొరటుగా కూడా అనడు. పోశమ్మ ఎవరో, బాలప్ప ఎవరో అతనికి తెలియదు, కనుక తల దించుకోవలసిన పనీ లేదు. సునంద కార్డు అతను స్కాను చేసి చూసి, చెల్లదని చెయ్యి ఊపాడు.

సునంద వెనక్కి వచ్చి పోశమ్మకు కాలి కవరు తొడిగింది. కట్టు మార్పించే రోజు మళ్లీ వచ్చింది. నర్సింగ్ ఇంట్లో లేడు. పార కూడా లేదు. ఏం గెలిచామని అందరూ పొద్దున్నుంచి తన వైపు అట్లా చూసి నవ్వుతున్నారో సునందకు అర్థం కాలేదు. పని పోయింది, గేటు మూసే ఉంది, వాన పడుతూనే ఉంది. బోరింగు దగ్గర మాత్రం ఎవరో ఆమె బిందె ముందు పెట్టి నింపారు.

అత్తాకోడళ్లు తూము దగ్గరికి పోయేసరికి నర్సింగ్ కట్ట వాలులో ఉన్నాడు. లుంగీ ఎగగట్టి, విరిగిన చోట మట్టి చెక్కి, పాదం పట్టేంత వెడల్పున మెట్లు కోస్తున్నాడు. ఒక్కో మెట్టు మీద కంపెనీ గోడ పక్కన ఏరుకొచ్చిన ఇటుక ముక్కలు పరిచి కాలితో తొక్కుతున్నాడు. సగం దాకా అయ్యాయి. ఊరి వైపు చూడకుండా పని చేస్తున్నాడు.

కింది నుంచి అరుణ, కంపెనీ ఆడవాళ్లు వరసగా వచ్చి అతని వెనక ఆగారు.

"జెర జరుగు నర్సింగన్నా, పోవాలె," అంది అరుణ.

నర్సింగ్ పార చంకన పెట్టుకుని, పక్కన కాలువ నీళ్లలోకి మోకాళ్లలోతు దిగి నిలబడ్డాడు. "ఎడమకాలు ముందు పెట్టుండ్రి," అన్నాడు. ఒక్కొక్కరూ అతని భుజం పట్టుకుని ఎక్కారు. అందరూ పోయాక అతను నీళ్లలోంచి బయటికి రాలేదు. తల్లి వైపు చేయి చాచాడు.